చెవి కడిగించుకున్నాను

తలస్నానం చేసి వచ్చాక కుడి చెవి మూసుకుపోయింది. నీళ్లు పోయి ఉంటాయిలే అని తల వంచి ఒంటికాలి మీద గెంతాను, తమ్మె పట్టుకుని లాగాను, మెత్తటి గుడ్డ చివరతో బయట తుడిచాను. రాత్రికి కూడా తెరుచుకోలేదు. ఎదుటివాళ్ల మాటలు పక్క గదిలోంచి వస్తున్నట్టున్నాయి, నా గొంతు మాత్రం నా తలలోనే గింగురుమంటోంది. అన్నిటికంటే చిరాకు తినేటప్పుడు. నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు.

స్నానం చేసిన రోజే ఎందుకు పట్టుకుందో తర్వాత తెలిసింది. చెవిలో గులిమి నెలల తరబడి పేరుకుంటున్నా మనకు పట్టింపు ఉండదు. వెంట్రుకవాసి సందు మిగిలి ఉన్నా చాలు, శబ్దం లోపలికి వెళ్లిపోతుంది. ఆ గులిమి నీళ్లు పీల్చుకుని ఉబ్బి, ఆ కాస్త సందూ మూసుకుపోయిన క్షణంలోనే వినికిడి దభీమని పడిపోతుంది. అందుకే ఈతకొలను నుంచో స్నానాల గదిలోంచో బయటికొచ్చి "చెవిలో నీళ్లు పోయాయి" అనేవాళ్లలో చాలామంది విషయంలో అసలు దోషి నీళ్లు కావు.

నేను వెళ్లింది ఈఎన్‌టీ డాక్టరు గారి దగ్గరికి. చెవిలో టార్చి వేసి చూస్తారనుకున్నాను. ముందు నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అనమన్నారు. ఏ చెవిలో ఎక్కువ మోగుతోంది అని అడిగారు. కుడి చెవిలో అన్నాను. తర్వాత 512 హెర్ట్జ్ అని చెక్కి ఉన్న ట్యూనింగ్ ఫోర్కును (తడితే మోగే శృతిదండం) మోచేతికి తట్టి నా నుదుటి మధ్యలో ఆనించారు. అదీ కుడి చెవిలోనే గట్టిగా వినిపించింది. మూసుకున్న చెవికే ఎక్కువ వినబడడమేంటని నాకు వింతగా తోచింది.

ఆయన చెప్పింది ఇది. ఎముక గుండా వచ్చే శబ్దం ఎలాగూ లోపలి చెవికి చేరుతుంది. బయటి రొద అడ్డుపడి రాకపోవడం వల్ల, వచ్చింది బయటికి పోలేకపోవడం వల్ల అది ఆ చెవిలో పెద్దగా అనిపిస్తుంది. అంటే అడ్డు దారిలో ఉంది, నరం బాగానే ఉంది. ఒకవేళ నరమే దెబ్బతిని ఉంటే ఈ మోత బాగున్న చెవి వైపుకు జరిగేది. నేను ఇదంతా ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. ఉన్నట్టుండి లోపలి చెవి దెబ్బతిని వినికిడి పోయే జబ్బు ఒకటుంది. కొన్ని గంటల్లో, మహా అయితే మూడు రోజుల్లో ముంచుకొస్తుంది. అది కూడా మొదట్లో "చెవి దిబ్బడ వేసింది" అన్నట్టే ఉంటుంది. నొప్పి ఉండదు. గులిమేలే అనుకుని ఇంట్లో చుక్కలు వేసుకుంటూ వారాలు గడిపేస్తారు. దానికి స్టెరాయిడ్ మందు మొదటి రెండు వారాల్లోపు, అదీ ఎంత త్వరగా పడితే అంత మేలట. ఆలస్యమైతే తిరిగొచ్చే వినికిడి తగ్గిపోతుంది. "గులిమి పది రోజులు ఆగుతుంది, అది ఆగదు. అందుకే చెవి మూసుకుపోయిందని ఎవరొచ్చినా నేను ముందు ఫోర్కు తీస్తాను" అన్నారు. ఇంట్లో "మ్‌మ్‌" అని చూసుకోవడం సరదాకి బాగుంటుందే గానీ, దాన్ని నమ్ముకుని నిర్ధారణకు రాకూడదు. ఒక చెవి హఠాత్తుగా వినిపించకపోతే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవాల్సిందే.

అప్పుడు చెవి లోపల చూసే ఒటోస్కోపు పెట్టి చూశారు, తెర మీద నాకూ చూపించారు. ముదురు గోధుమ రంగు బిరడా ఒకటి గోడ నుంచి గోడదాకా బిగిసి ఉంది. కర్ణభేరి ఎక్కడా కనబడలేదు. ఎడమ చెవిలోనూ కొంత ఉంది కానీ, పక్కనుంచి ముత్యపు రంగులో కర్ణభేరి అంచు కనిపిస్తోంది. "ఇది తియ్యక్కర్లేదు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టని గులిమి మీ మంచికే ఉంది" అన్నారు. ఎలాగూ వచ్చాం కదా రెండూ చేయించేద్దామనుకున్న నాకు అది నచ్చలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

గులిమి మురికి కాదు. చెవి నాళం పెద్దవాళ్లలో దాదాపు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది. అందులో బయటి వైపు మూడో వంతులోనే గులిమి తయారవుతుంది. లోపల కర్ణభేరి దగ్గర అసలు పుట్టదు. అక్కడి చర్మం నెమ్మదిగా బయటి వైపుకు జరుగుతూ, రాలిన పొలుసులనీ గులిమినీ మోసుకొస్తుంది. మాట్లాడినప్పుడు, నమిలినప్పుడు దవడ కదలిక దానికి సాయపడుతుంది. కాబట్టి కర్ణభేరి మీద గులిమి అతుక్కుని ఉందంటే దాన్ని ఏదో ఒకటి వెనక్కి నెట్టినట్టే. ఎక్కువ సందర్భాల్లో అది దూది పుల్ల. పిల్లల కోసమని 1920లలో అమ్మకానికొచ్చిన ఆ పుల్ల డబ్బా మీద, చెవి నాళంలో పెట్టొద్దని ఇప్పుడు తయారీదారులే రాస్తున్నారు. జనం కొనేది మాత్రం దానికే. నా విషయంలో పుల్ల కాదు, పుట్టుకతోనే నాళం ఇరుకు, వంపు ఎక్కువ. పైగా పనిలో రోజంతా చెవిలోకి దూరే ఇయర్‌ఫోన్లు. బయటికొచ్చేదాన్ని అవి అడ్డుకుంటాయి.

ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. నీళ్లతో కడగడం భద్రమా కాదా అన్నది ఆ గదిలో ఉన్న యంత్రం తేల్చదు, ఈ ప్రశ్నలే తేలుస్తాయని నా అభిప్రాయం. కర్ణభేరికి ఎప్పుడైనా చిల్లు పడిందా? చిన్నప్పుడు చెవి కారేదా? చెవికి ఏ ఆపరేషన్ అయినా జరిగిందా? కర్ణభేరిలో గొట్టాలు పెట్టారా? అంగిలి చీలిక ఉందా? ఈ మధ్య చెవిపోటు, చీము, జ్వరం? అంతకుముందు కడిగించుకున్నప్పుడు ఏదైనా ఇబ్బంది వచ్చిందా? రెండో చెవి బాగా వినిపిస్తుందా? ఈ చివరిది ఎందుకన్నాను. వినిపించే చెవి ఒక్కటే ఉన్నవాళ్ల విషయంలో ఆ ఒక్కదానితో నీళ్ల ప్రయోగం చెయ్యరట. సుగర్ ఉందా అని కూడా అడిగారు. సుగర్ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు తడి చెవిలో సూక్ష్మజీవులు చేరితే అది ఒక్కోసారి పుర్రె ఎముక దాకా పాకుతుంది. వాళ్లకు కడగకూడదని కాదు, కడిగాక బాగా ఆరబెట్టి కనిపెట్టుకుని ఉండాలి. చెవిలో గింజో, పప్పు బద్దో ఇరుక్కుంటే మాత్రం నీళ్లు తగలనివ్వకూడదు. నాని ఉబ్బి ఇంకా బిగుస్తుంది.

రెండో చెవి బాగానే వినిపిస్తుందని, మిగతా అన్నిటికీ "లేదు" అని చెప్పాక కూడా అదే రోజు కడగలేదు. బాగా గట్టిపడి ఉంది, ముందు మెత్తబడనివ్వాలి అన్నారు. సోడియం బైకార్బొనేట్ చుక్కలు రాసిచ్చారు. ఆలివ్ నూనె చుక్కలైనా పనిచేస్తాయట. వీటిలో ఏది గొప్పదో తేల్చిన ఆధారం లేదు, సమయానికి వేసుకోవడమే ముఖ్యం అన్నారు. మూడు నుంచి ఐదు రోజులు వెయ్యమన్నారు. మూసుకున్న చెవి పైకి వచ్చేలా పక్కకు తిరిగి పడుకుని, చుక్కలు వేసి, చెవి ముందున్న చిన్న మిట్టను వేలితో మెల్లగా నొక్కి వదులుతూ ఐదు నిమిషాలు అలాగే ఉండాలి. సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబరిచి వెయ్యాలి. చల్లని చుక్కలు పడితే తల తిరుగుతుంది. అలాగని పొయ్యి మీద కాచిన నూనె జోలికి పోకూడదు. చెవి నాళం లోపలి చర్మం చాలా పల్చన, ఇట్టే కాలుతుంది.

చుక్కలు మొదలుపెట్టాక ఇంకాస్త చెవుడొచ్చింది. ఇది ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. గులిమి ఉబ్బితే అంతే. చుక్కలతోనే కొందరికి కరిగి దానంతటదే వచ్చేస్తుందట. నాకు రాలేదు.

కడిగే రోజు నర్సు నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, భుజం మీద ప్లాస్టిక్ గుడ్డ, దాని మీద తువ్వాలు వేసింది. చెవి కింద కిడ్నీ ట్రే, అంటే ఒక పక్క లోపలికి వంగి ఉండే పళ్లెం, నన్నే పట్టుకోమంది. యంత్రం చిన్నదే. ఒక నీళ్ల డబ్బా, సన్నటి గొట్టం, చివర ఒక్కరికే వాడి పారేసే ముక్కు, కాలితో నొక్కే మీట. ఇనుప సిరంజితో కడిగే పాత పద్ధతిలో బలమెంత పడుతోందన్నది చేసేవాళ్ల చేతి మీదే ఆధారపడుతుంది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు చెప్పే నైస్ అనే సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవాళ్లకు ఆ ఇనుప సిరంజి వాడొద్దని, కడగాలంటే ఒత్తిడి అదుపులో ఉండే యంత్రాలు వాడొచ్చని చెప్పాయి. చాలాచోట్ల ఇరవై మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సిరంజికి సూది తీసేసిన మెత్తటి గొట్టం తగిలించి కూడా చేస్తారు. చెయ్యి తిరిగినవాళ్లు నెమ్మదిగా చేస్తే అదీ పనిచేస్తుంది.

డబ్బాలో థర్మామీటరు ముంచి 37 డిగ్రీలు ఉందో లేదో చూసింది. "నొప్పి అనిపించినా, తల తిరిగినా వెంటనే చెయ్యెత్తండి, ఓర్చుకోవద్దు" అంది. చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి పట్టుకుంది. పెద్దవాళ్ల నాళంలో ఉన్న వంపు అలా లాగితేనే కాస్త తిన్నగా అవుతుంది. చిన్న పిల్లలకైతే కిందికీ వెనక్కీ లాగాలట. గొట్టం ముక్కును లోపలికి దూర్చలేదు, వాకిట్లోనే ఉంచి పైన వెనక గోడ వైపు తిప్పింది. ఎందుకలా అని అడిగాను. ఎదురుగా కొడితే నీళ్లు గులిమిని ఇంకా లోపలికి నెడతాయి, దెబ్బ కర్ణభేరికి తగులుతుంది. గోడ పక్కగా పంపితే నీళ్లు సందు చూసుకుని గులిమి వెనక్కి చేరి, తిరిగొచ్చేటప్పుడు దాన్ని ముందుకు తోసుకొస్తాయి. అంటే బయటికి తీసుకొచ్చేది తిరుగు ప్రవాహం. ఈ ఒక్క సంగతి అర్థమైతే, గట్టిగా కొడితే త్వరగా వస్తుందనే ఆలోచన ఎంత తప్పో తెలిసిపోతుంది.

మీట నొక్కగానే చెవిలో పెద్ద హోరు. నొప్పి లేదు. వెచ్చగా, తెరలు తెరలుగా ఏదో లోపలి గోడను తడుముతున్న భావన. ఉన్నట్టుండి దగ్గు తన్నుకొచ్చింది. నర్సు నవ్వి ఆపింది. చెవి నాళం చర్మానికి వేగస్ నరం కొమ్మ ఒకటి వస్తుంది. దగ్గు తెప్పించే నరం కూడా అదే కాబట్టి, కొందరికి చెవిని తాకితే గొంతులో గరగర పుడుతుంది. ట్రేలోకి గోధుమ రంగు నీళ్లు, చిన్న చిన్న తునకలు పడ్డాయి. మధ్యమధ్యలో ఆపి ఒటోస్కోపుతో చూస్తూ వచ్చింది. కొంతసేపటికి బిరడా కదిలింది గానీ బయటికి రాలేదు. అక్కడ ఒత్తిడి పెంచుతారేమో అనుకున్నాను. పెంచలేదు. చెవి నిండా నీళ్లు పోసి, తల పక్కకు వాల్చి పావుగంట అలాగే కూర్చోమంది. మామూలు గోరువెచ్చని నీళ్లు కూడా గులిమిని మెత్తబరుస్తాయి అంది.

పావుగంట తర్వాత రెండో విడత మొదలుపెట్టగానే గది గిర్రున తిరిగింది. చెయ్యెత్తాను. ఆపేసింది, నన్ను ఒకే చోటికి చూస్తూ ఉండమంది. అర నిమిషంలో సర్దుకుంది. నేను కూర్చున్న పావుగంటలో డబ్బాలో నీళ్లు చల్లబడ్డాయి. అవి పారబోసి మళ్లీ 37 డిగ్రీలకు తెచ్చి పెట్టాక ఇంకేమీ కాలేదు.

ఈ తల తిరుగుడు వెనక ఒక నోబెల్ బహుమతి ఉంది. వియన్నాలో పనిచేసిన రాబర్ట్ బరానీ అనే చెవి వైద్యుడు, చెవి కడుగుతున్నప్పుడు రోగులకు తల తిరగడం, కళ్లు అదురుతున్నట్టు పక్కకు కొట్టుకోవడం గమనించాడు. ఒక రోగి, నీళ్లు వెచ్చగా లేనప్పుడే తనకు అలా అవుతోందని చెప్పాడట. సరేనని వేడి ఎక్కువున్న నీళ్లు వాడి చూస్తే కళ్లు ఎదురు దిక్కుకు కొట్టుకున్నాయి. లోపలి చెవిలో మన తూకం చూసే అర్ధవృత్తాకార నాళాల్లో ఒకటి చెవి నాళానికి బాగా దగ్గరగా ఉంటుంది. చల్లదనమో వేడో తగిలితే అందులోని ద్రవం కదులుతుంది, తల కదలకపోయినా కదిలినట్టు మెదడుకు కబురు పోతుంది. 1914 వైద్య నోబెల్ ఆయనకిచ్చారు. ఆ కబురు అందేసరికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా వాళ్ల దగ్గర బందీగా ఉన్నాడు. ఇప్పటికీ తూకం పరీక్షకు చెవిలో 30 డిగ్రీల నీళ్లు, 44 డిగ్రీల నీళ్లు పోసి చూస్తారు. ఒంటి వేడికి ఇటు ఏడు, అటు ఏడు. పరీక్షకు కావాలని తెప్పించే తల తిరుగుడును గులిమి తీసేటప్పుడు తెచ్చుకోవడం దేనికి? అందుకే థర్మామీటరు.

ఆ తర్వాత కొద్దిసేపటికే ట్రేలో "టప్" మని పడింది. గోరంత ముక్క. దాని కోసమా ఇన్నాళ్లూ ఇంత గోల అనిపించింది. అది పడిన క్షణంలోనే గదిలో ఫ్యాను చప్పుడు, కాగితాల రెపరెప, పక్క గదిలో ఎవరో కుర్చీ జరపడం అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. ఆ రోజంతా ప్రతి శబ్దమూ మరీ పెద్దగా, కాస్త పదునుగా అనిపించింది. మర్నాటికి మామూలైపోయింది.

డాక్టరు గారు మళ్లీ చూశారు. నాళం కొంచెం ఎర్రబడింది, కర్ణభేరి నిక్షేపంగా ఉంది అన్నారు. కడిగాక ఇలా చూడకుండా పంపించేస్తే సగం పనే చేసినట్టు. తల వంచి నీళ్లు కారిపోనిచ్చి, బయటి భాగం మాత్రం తుడిచారు. కొన్ని రోజులు చెవిలోకి నీళ్లు పోకుండా చూసుకోమన్నారు. స్నానానికి ముందు దూది ఉండకు వాసలైన్ రాసి చెవి వాకిట్లో పెట్టుకోవాలి, లోపలికి నొక్కకూడదు. గులిమికి కాస్త పులుపు గుణం ఉండడం వల్ల అది సూక్ష్మజీవుల్ని ఆపుతుంది. కడిగిన చెవికి కొన్నాళ్లు ఆ కాపలా ఉండదు. నొప్పి పెరిగినా, రసి కారినా, వినికిడి మళ్లీ తగ్గినా ఆగకుండా రమ్మన్నారు. కడుగుతున్నప్పుడే భరించలేని పోటు, రక్తం, కొత్తగా హోరు వస్తే కర్ణభేరికి ఏదో అయి ఉండొచ్చు, అక్కడితో ఆపేయాలి.

ఇదంతా విని అమ్మ, "నాక్కూడా అదే కొట్టించరాదురా, మిషన్ పెట్టుకున్నప్పటి నుంచీ చెవి మూసుకుపోతోంది" అంది. అమ్మకు వినికిడి యంత్రం ఉంది. అది పెట్టుకునేవాళ్లకు గులిమి తొందరగా పేరుకుంటుంది, ఆ యంత్రం కూత పెట్టడానికీ ఒక్కోసారి కారణం అదే. తీసుకెళ్లాను. అవే ప్రశ్నలు. చిన్నప్పుడు చెవి కారేదా అనగానే, "కారేదేంటి బాబూ, దిండు తడిసిపోయేది" అంది. నాకెప్పుడూ చెప్పని సంగతి. దాంతో నీళ్ల మాట అక్కడే ఆగిపోయింది. కర్ణభేరికి పాత చిల్లు ఉంటే నీళ్లు మధ్య చెవిలోకి దిగి చీము పట్టిస్తాయి. ఇంట్లో చుక్కలు కూడా వద్దన్నారు. ఆమెను పడుకోబెట్టి, మైక్రోస్కోపు కింద చూస్తూ సన్నటి సక్షన్ గొట్టంతో పీల్చి తీశారు. చప్పుడు ఎక్కువని, కాస్త చల్లగా తగిలిందని చెప్పింది, నొప్పి లేదంది. గులిమి తీశాక చూస్తే నిజంగానే చిల్లు ఉంది. అడగకుండా నీళ్లు కొట్టి ఉంటే?

నాకు మళ్లీ పేరుకుంటుందని డాక్టరు గారు ముందే చెప్పారు, ఇరుకు నాళం కాబట్టి. ఇంట్లో రబ్బరు బల్బు సిరంజితో కడుక్కోవచ్చా అని అడిగాను. మీ కర్ణభేరి నేను చూశాను కాబట్టి మీకు సరే, మీ అమ్మగారికి ససేమిరా అన్నారు. ఇప్పుడు చెవి బరువెక్కినట్టు అనిపిస్తే ముందు కొన్ని రోజులు చుక్కలు వేస్తాను. తర్వాత కాచి చల్లార్చిన నీళ్లు, మణికట్టు మీద పోసుకుంటే వేడీ చల్లనా తెలియనంత వెచ్చగా. బల్బు కొనను చెవి వాకిట్లోనే ఉంచి, నీళ్లు తిరిగి రావడానికి పక్కన సందు వదిలి, పైన వెనక్కి తిప్పి మెల్లగా నొక్కుతాను. కొన నాళాన్ని పూర్తిగా మూసేస్తే ఒత్తిడంతా లోపలే చిక్కుకుపోతుంది. రాకపోతే ఆ పూటకు వదిలేసి మళ్లీ చుక్కలకు వెళతాను. అప్పటికీ రాకపోతే డాక్టరే. పళ్ల సందులు కడిగే వాటర్ జెట్‌తో చెవి కూడా కడిగేయొచ్చని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. ఆ జెట్ బలానికి కర్ణభేరి చిరిగిపోగలదు. చెవిలో పెట్టి వెలిగిస్తే గులిమిని లాగేస్తాయని చెప్పే చెవి కొవ్వొత్తుల సంగతైతే అడగక్కర్లేదు. గులిమిని అవి లాగవు, అడుగున మిగిలేది ఆ కొవ్వొత్తి మైనమే. కాలిన గాయాల గురించి అమెరికాలో మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే హెచ్చరించింది.

అమ్మను మాత్రం ఆర్నెల్లకోసారి సక్షన్‌కి తీసుకెళుతున్నాను. యంత్రం కూత పెడితే అంతకు ముందే.